నింటెండో వీలో ఆర్పీజీలు: పాయింటర్ గెంతుతోంది, బొమ్మ మసక, జెనోబ్లేడ్ డిస్క్ ఎక్కట్లేదు. ముందు ఏది చూడాలి?

టిన్‌ఫ్యాక్టరీ_సిగ్నల్:

నమస్కారం అందరికీ. ఆర్పీజీల (కథలో పాత్రని పెంచుకుంటూ ఆడే ఆటలు) కోసమే సెకండ్ హ్యాండ్‌లో నింటెండో వీ అనే గేమ్ మెషిన్ తీసుకున్నాం. బెంగళూరు కె.ఆర్.పురంలో ఫ్లాట్. హాల్లో 43 అంగుళాల ఎల్ఈడీ టీవీ గోడకి ఉంది, దాని కింద నల్ల గాజు పలక ఉన్న టీవీ యూనిట్. దివాన్ నుంచి టీవీకి తొమ్మిది అడుగులు. పడమటి బాల్కనీ తలుపు టీవీకి కుడి పక్కనే వస్తుంది. ఎడమ పక్క గోడకి దేవుడి గూడు.

మెషిన్ అడుగున లేబుల్ ఆర్‌వీఎల్-001 (ఈయూఆర్), అంటే యూరప్ రకం. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల కేబుల్. రెండు రిమోట్లు, అందులో ఒకటి మోషన్ ప్లస్ (చేతి తిరుగుడు కొలిచే సెన్సర్) లోపలే ఉన్న రకం. ఒక నన్‌చక్, అంటే ఎడమ చేతిలో పట్టుకునే స్టిక్ ఉన్న జోడింపు. రెండు స్టిక్కుల క్లాసిక్ కంట్రోలర్ లేదు. సెన్సర్ బార్ గాజు పలక మీద, టీవీకి కింద, గోడవైపు ఆనించి ఉంది.

ఇబ్బందులు నాలుగు. సాయంత్రం నాలుగు దాటితే తెర మీది చెయ్యి గుర్తు గెంతుతుంది, ఒక్కోసారి కనిపించకుండా పోతుంది. రాత్రి కొంచెం నయమే గానీ పూర్తిగా కుదురుగా లేదు. బొమ్మ మసకగా ఉంది, చిన్న అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి. ఫైర్ ఎంబ్లమ్ రేడియంట్ డాన్, ట్విలైట్ ప్రిన్సెస్ డిస్కులు శుభ్రంగా ఆడుతున్నాయి. జెనోబ్లేడ్ క్రానికల్స్ పెడితే మాత్రం డిస్క్ చదవడం కుదరలేదని మెసేజ్. గీతలు లేవు, అదీ యూరప్ డిస్కే. నాలుగోది, ట్విలైట్ ప్రిన్సెస్ గంట ఆడేసరికి కుడి భుజం పీకేస్తోంది.

ట్విలైట్ ప్రిన్సెస్ ఆర్పీజీ కాదనే గొడవ ఇక్కడ మొదలెట్టకండి ప్లీజ్. ఆ తర్వాత ఏ ఆటలు తీసుకోవాలో కూడా చెప్పగలరు.


పరారుణం:

పాయింటర్ వరకు నేను చెప్తాను.

సెన్సర్ బార్ ఏమీ చూడదు, ఏమీ కొలవదు. రెండు చివర్లా ఐదేసి ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు వెలుగుతాయి, అంతే దాని పని. ఆ సన్న వైరు వాటికి కరెంటు మోయడానికి మాత్రమే. చూసే కెమెరా రిమోట్ ముక్కు దగ్గర నల్ల ప్లాస్టిక్ వెనక ఉంది. దానికి రెండు వెలుగు చుక్కలు దొరికితే, వాటి స్థానం, వాటి మధ్య ఎడం, వంపు చూసి రిమోట్ ఎటు తిరిగిందో మెషిన్ లెక్కగడుతుంది. అదే రకం కాంతి ఇంకో చోట నుంచి వస్తే ఏ రెండు అసలు జతో తేలక గుర్తు గెంతుతుంది. కాబట్టి మీ రిమోట్ పాడైందని ఇప్పుడే అనుకోకండి.

ఊహించాల్సిన పని లేదు, మెషినే చూపిస్తుంది. మెనూలో ఎడమ కింద గుండ్రటి వీ బటన్, అందులో వీ సెట్టింగ్స్, రెండో పేజీలో సెన్సర్ బార్, అందులో సెన్సిటివిటీ. రిమోట్ కెమెరాకి ఏం కనబడుతోందో అక్కడ తెల్ల చుక్కలుగా వస్తుంది. దివాన్ మీద ఎక్కడ కూర్చుని ఆడతారో అక్కడే కూర్చుని టీవీ వైపు చూపించండి. రెండే చుక్కలు ఉండాలి. సాయంత్రం నాలుగున్నరకి ఒకసారి, రాత్రి లైట్లు వేశాక ఒకసారి చూడండి.

నాలుగు చుక్కలు, ఒక జత కింద ఇంకో జత కనిపిస్తే అది గాజు పలకలో బారు నీడ. గోడవైపు ఆనించారు కదా, ముందున్న గాజంతా అద్దంలా పనిచేస్తుంది. బారుని ముందుకి లాగి పలక అంచు దాకా తెండి, ముందు భాగం అంచుకి సమానంగా ఉంటే కింద ప్రతిబింబానికి చోటే ఉండదు. లేదంటే టీవీ పైన అంటించి సెట్టింగ్స్‌లో బారు స్థానం 'టీవీ పైన' అని మార్చండి. అది మార్చకపోతే గుర్తు మీరు చూపిన చోటికి పైనో కిందో పడుతుంది.

ఒక పక్కగా పెద్ద మచ్చలాంటిది కనిపిస్తే అది ఎండ. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ బోలెడు, పైగా పాలిష్ టైల్స్ మీద పడి కూడా కెమెరాలోకి వస్తుంది. పల్చటి కర్టెన్ సరిపోదు, వెలుతురు ఆపే మందపాటి రకం కావాలి. దేవుడి గూట్లో దీపం, కొవ్వొత్తి, పాతరకం ఫిలమెంట్ బల్బుల సీరియల్ సెట్ కూడా ఇదే పని చేస్తాయి. మంట ఎంత బాగా కనిపిస్తుందంటే, బారు లేనప్పుడు జానెడు ఎడంగా రెండు కొవ్వొత్తులు పెట్టినా పాయింటర్ నడుస్తుంది. ఎల్ఈడీ బల్బులతో, ఎల్ఈడీ సీరియల్స్‌తో ఈ గొడవ లేదు, వాటిలో ఇన్‌ఫ్రారెడ్ లేనట్టే. మీకు రాత్రి కూడా పూర్తిగా కుదురుగా లేదంటే నాకు గాజు మీద ఒక అనుమానం, దీపం మీద ఒక అనుమానం.

ఇవి తీసేశాకే సెన్సిటివిటీ జోలికి వెళ్లండి. నింటెండో చెప్పే దూరం సుమారు మూడు నుంచి ఎనిమిది అడుగులు. మీది తొమ్మిది, కాబట్టి 3 నుంచి 4కి పెంచడం సబబే. ముందే పెంచితే అనవసరమైన వెలుతురు కూడా చుక్కలుగా ఎక్కుతుంది. దివాన్‌ని ఒక అడుగు ముందుకి జరపగలిగితే అది ఇంకా మంచిది.

ఒక్క చుక్కే వస్తుంటే ఫోన్ సెల్ఫీ కెమెరాతో బారుని చూడండి. పనిచేసే ఎల్ఈడీలు ఊదా రంగు చుక్కల్లా కనిపిస్తాయి. వెనక కెమెరాల్లో చాలావాటికి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ ఉంటుంది, దాంతో చూసి బారు చచ్చిపోయిందని తేల్చేయకండి. ఒక చివర నిజంగా వెలగకపోతే, యూఎస్‌బీతో వెలిగే ఏ బారైనా సరిపోతుంది. బారు నుంచి మెషిన్‌కి సమాచారం ఏదీ వెళ్లదు కాబట్టి వీకి దాంతో పేచీ లేదు.


ఎస్పీరోడ్_స్క్రూడ్రైవర్:

డిస్క్ సంగతి. రేడియంట్ డాన్, ట్విలైట్ ప్రిన్సెస్ ఒక పొర డిస్కులు, 4.7 జీబీ లోపు. జెనోబ్లేడ్ రెండు పొరల డిస్క్, 8.5 జీబీ రకం. రెండు పొరల డిస్క్‌లో పై పొర సగం కాంతిని లోపలికి వదలాలి, అందుకే తిరిగొచ్చే కాంతి తక్కువ. లెన్స్ మీద సన్నటి దుమ్ము పొర ఉన్నా ఒక పొర డిస్క్ నడిచిపోతుంది, ఇది నడవదు. 2008లో స్మాష్ బ్రదర్స్ బ్రాల్ వచ్చినప్పుడు అమెరికాలో ఇదే జరిగింది. లెన్స్ మీద మురికి చేరిన మెషిన్లు ఆ డిస్క్ చదవలేకపోతే నింటెండో ఉచితంగా బాగుచేసి ఇచ్చింది. మీ లక్షణాలు అచ్చం అవే.

రీజియన్ (ఏ ప్రాంతం మెషిన్‌లో ఆ ప్రాంతం డిస్కే ఆడాలన్న కట్టడి) వల్ల కాదు. మెషిన్ ఈయూఆర్, డిస్క్ ఈయూఆర్ అయితే సరిపోయింది. అయినా నిర్ధారణ కోసం డిస్క్ మీది కోడ్ చూడండి. జెనోబ్లేడ్ యూరప్ డిస్క్‌కి ఎస్ఎక్స్4పీ, అమెరికా డిస్క్‌కి ఎస్ఎక్స్4ఈ. నాలుగో అక్షరమే రీజియన్. ముందు ముందు కొనేటప్పుడు కూడా కవరు కాదు, ఈ అక్షరం చూసి కొనండి.

వరస ఇది. మెత్తటి పొడి బట్టతో డిస్క్‌ని మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడవండి, గుండ్రంగా కాదు. ఇంకో రెండు పొరల డిస్క్ ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టి చూడండి, బ్రాల్ గానీ మెట్రాయిడ్ అదర్ ఎమ్ గానీ. అదీ ఎక్కకపోతే లెన్సే. వీ కోసమని అమ్మే బ్రష్ ఉన్న లెన్స్ క్లీనింగ్ డిస్క్ ఒకసారి వాడి చూడొచ్చు. సీడీ ప్లేయర్లకి అమ్మే, నాలుగు చుక్కలు మందు వేసి పెట్టే రకం వద్దు. ఇది నోట్లోకి లాక్కునే డ్రైవ్, తడి రోలర్లకి అంటుతుంది.

దానికీ లొంగకపోతే విప్పాలి. ట్రై-వింగ్ (మూడు రెక్కల మొన) స్క్రూడ్రైవర్ ఒకటి, చిన్న స్టార్ ఒకటి కావాలి. రెండూ ఎస్పీ రోడ్‌లో మొబైల్ రిపేర్ పనిముట్లు అమ్మే కొట్లలో దొరుకుతాయి. వైర్లన్నీ తీసేయండి. మెషిన్ రబ్బరు కాళ్ల కింద, చిన్న తెల్ల స్టిక్కర్ల కింద స్క్రూలు దాగుంటాయి, వాటిని పీకకుండా పై మూత రాదు. బలవంతంగా లాగితే ముందు ప్యానెల్ నుంచి బోర్డుకి వెళ్లే సన్న వైరు తెగుతుంది. స్క్రూలు రెండు మూడు పొడవుల్లో ఉంటాయి, ఏది ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి దాని మీదే గుచ్చి పెట్టుకోండి. డ్రైవ్ తీశాక లెన్స్ కనిపిస్తుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాటన్ బడ్ ముంచి, పిండి, తడి తగిలీ తగలనట్టుగా ఒక్కసారి తుడవండి. లెన్స్ స్ప్రింగ్ మీద తేలుతుంటుంది, నొక్కకూడదు. పది నిమిషాలు ఆరనివ్వండి. అక్కడ ఉండే బుల్లి తిప్పుడు స్క్రూ లేజర్ పవర్‌ది. వీడియోలు చూసి దాన్ని తిప్పేవాళ్లు చాలామంది. మురికి లెన్స్‌కి పవర్ పెంచితే కొన్నాళ్లు ఆడి ఆ తర్వాత లేజర్ పోతుంది.

ఇక బొమ్మ. పసుపు పిన్ను మీద వచ్చేది కాంపొజిట్, అంటే రంగూ వెలుతురూ ఒకే తీగలో కలిపేసిన 576ఐ లేదా 480ఐ (అంకె బొమ్మలోని గీతల సంఖ్య; ఐ అంటే ఒకసారి బేసి, ఒకసారి సరి గీతలు, పీ అంటే అన్నీ ఒకేసారి). పెద్ద ఎల్ఈడీ టీవీ దాన్ని సాగదీస్తే అక్షరాలు అలుక్కుపోవడం మామూలే. వీ ఇవ్వగలిగింది మహా అయితే 480పీ. టీవీ వెనక ఆకుపచ్చ, నీలం, ఎరుపు కాంపొనెంట్ రంధ్రాలు విడిగా ఉంటే వీ కాంపొనెంట్ కేబుల్ వేయండి, ఐదు పిన్నులు ఉంటాయి. కొత్త టీవీల్లో ఇవి దాదాపు ఎత్తేశారు. ఉన్నది ఒకే చిన్న ఏవీ రంధ్రమైతే వీ నుంచి హెచ్‌డీఎంఐ ఇచ్చే డాంగిల్ తీసుకోండి. అది కాంపొనెంట్ సిగ్నల్‌నే డిజిటల్‌గా మారుస్తుంది. 1080పీ అని డబ్బా మీద రాసి ఉంటే నమ్మకండి, అసలు బొమ్మ 480పీయే.

డాంగిల్ తగిలించాక సెట్టింగ్స్ మొదటి పేజీలో స్క్రీన్, అందులో టీవీ రిజొల్యూషన్ తెరిచి ఈడీటీవీ/హెచ్‌డీటీవీ 480పీ ఎంచుకోండి. వైడ్‌స్క్రీన్ సెట్టింగ్ 16:9. కాంపొజిట్ మీదే ఉండిపోతే కనీసం 50 హెర్ట్జ్ నుంచి 60 హెర్ట్జ్ 480ఐకి మార్చండి. టీవీలో గేమ్ మోడ్ వేయండి, పదును పెంచే ఆప్షన్లన్నీ తగ్గించండి. 480పీ బొమ్మకి షార్ప్‌నెస్ ఎక్కువైతే అక్షరాల చుట్టూ తెల్ల గీత వస్తుంది.


చివరి_బాస్:

భుజం నొప్పికి కారణం చెయ్యి ఊపే తీరు. మామూలు రిమోట్‌లో ఉన్నది యాక్సిలరోమీటర్. చెయ్యి ఎక్కడుందో దానికి తెలియదు, ఎంత వేగంగా కదలిక మారిందన్నదే తెలుసు. ట్విలైట్ ప్రిన్సెస్ ఏ దిక్కున ఊపారని అడగదు, విదిలింపు ఒక హద్దు దాటిందా లేదా అని మాత్రమే చూస్తుంది. ఆ హద్దు చాలా చిన్నది. మోచెయ్యి దిండు మీద ఆనించి మణికట్టుతో టక్కున రెండు అంగుళాలు విదిలిస్తే కత్తి తిరుగుతుంది. భుజం నుంచి ఊపినా దెబ్బ పెద్దదవ్వదు. ఆ సెన్సర్ కొలిచే మేర సుమారు 3జీ (భూమి ఆకర్షణకి మూడు రెట్లు) దాకా, అంతకు మించి ఊపిన బలమంతా వృథా. చుట్టూ తిరిగే దెబ్బకి ఎడమ చేతిలో నన్‌చక్‌ని కొంచెం ఆడిస్తే చాలు. ఇలా ఆడితే సీలింగ్ ఫ్యాను కూడా క్షేమం. మణికట్టు తాడు మాత్రం వేసుకోండి.

మోషన్ ప్లస్ అడిగే స్కైవార్డ్ స్వోర్డ్ (2011) వేరు. అందులో జైరోస్కోప్ ఉంది, కత్తి ఏ కోణంలో ఉందో ఆటకి నిజంగా తెలుసు, శత్రువులకీ తెలుసు. అక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు, దెబ్బకి ముందు చేతిని వెనక్కి వేగంగా లాగడం. ఆ లాగడాన్నే ఆట దెబ్బగా లెక్కేసి ఎదురు దిక్కున కొడుతుంది. వెనక్కి నెమ్మదిగా, ముందుకి చురుగ్గా. డ్రాగన్ క్వెస్ట్ స్వోర్డ్స్‌కి కూడా ఇదే సూత్రం. స్కైవార్డ్‌లో గురి పక్కకి జారుతుంటే దిక్కుల బటన్ కిందకి నొక్కితే మధ్యకి వస్తుంది. అక్కడ గురి సెన్సర్ బార్ మీద కాదు, జైరో మీద నడుస్తుంది కాబట్టి ఎండ గొడవ కూడా తక్కువ. పూర్తిగా గాడి తప్పితే రిమోట్‌ని బటన్లు కిందికి ఉండేలా గట్టి బల్ల మీద కొన్ని సెకన్లు కదలకుండా పెట్టాలి. పరుపు మీద పెడితే కుదరదు. ఈ ఆట తీసుకుంటే ఇంకో మాట. చివర్లో పాట ముక్కలు మూడు చోట్ల సేకరించే దగ్గర ఒక బగ్ ఉంది, లానైరు ఎడారి ముక్కని ఆఖరికి ఉంచుకోండి. ముందు అక్కడికెళ్లి గొలో అనే గోరాన్ జాతివాడితో మళ్లీ మాట్లాడితే మిగతా రెండు చోట్లా కథ ముందుకి కదలకుండా ఆగిపోవచ్చు.

ఏ ఆటలు అంటే, మీది యూరప్ మెషిన్ కావడం అదృష్టమే. జెనోబ్లేడ్ యూరప్‌కి 2011 ఆగస్టులో వచ్చింది, అమెరికాకి 2012 ఏప్రిల్ దాకా రాలేదు. ఈ ఆటనీ, ది లాస్ట్ స్టోరీ, పండోరాస్ టవర్‌లనీ తెమ్మని అమెరికా అభిమానులు ఆపరేషన్ రెయిన్‌ఫాల్ అని ప్రచారమే నడిపారు. మీకు మూడూ పాల్ (యూరప్) డిస్కులుగా ఉన్నాయి. ఆర్క్ రైజ్ ఫాంటసియా మాత్రం యూరప్‌లో రానేలేదు, ఎవరు అమ్మజూపినా మీ మెషిన్‌లో ఆడదు.

జెనోబ్లేడ్‌కి క్లాసిక్ కంట్రోలర్ కొనేయండి. నన్‌చక్‌తో కెమెరా తిప్పాలంటే సీ బటన్ పట్టుకుని స్టిక్ తిప్పాలి, అంటే నడుస్తూ చుట్టూ చూడలేరు. అంత పెద్ద మైదానాల్లో అది పెద్ద లోటు. క్లాసిక్‌లో కుడి స్టిక్ కెమెరాకే. మోషన్ ఈ ఆటలో అసలు లేదు కాబట్టి పోగొట్టుకునేదేమీ లేదు. రేడియంట్ డాన్‌కి రిమోట్ అడ్డంగా పట్టుకుంటే హాయి, అందులోనూ మోషన్ లేదు.


కోరమంగళ_కర్వేపాకు:

చివరి_బాస్ గారితో సగమే ఏకీభవిస్తాను. జెనోబ్లేడ్, లాస్ట్ స్టోరీలకి క్లాసిక్ సరే. కానీ పండోరాస్ టవర్ క్లాసిక్‌తో ఆడితే ఆట సారం పోతుంది. అందులో గొలుసు విసిరే చోటు పాయింటర్‌తో చూపించాలి. శత్రువు శరీరంలో ఏ భాగాన్ని పట్టుకుంటారన్నదే పోరాటం. స్టిక్‌తో గురి లాగుతూ కూర్చుంటే ఈలోగా హీరో కాపాడాల్సిన ఎలెనా శాపం గడియారం తిరిగిపోతుంటుంది. పరారుణం గారు చెప్పినట్టు పాయింటర్ కుదుర్చుకుని రిమోట్, నన్‌చక్‌తోనే ఆడండి. ఫైనల్ ఫాంటసీ క్రిస్టల్ బేరర్స్‌లో వస్తువుల్ని ఎత్తి విసరడం, ఫ్రాజైల్ డ్రీమ్స్‌లో టార్చ్ వెలుగు, రెండూ పాయింటర్ మీదే. ఫ్రాజైల్ డ్రీమ్స్ రిమోట్‌లోని చిన్న స్పీకర్‌ని కూడా వాడుకుంటుంది, రిమోట్ స్పీకర్ శబ్దం తగ్గించేసి ఆడకండి. కథ నెమ్మదిగా నడుస్తుంది, పోరాటం అంతంత మాత్రం, అయినా ఈ మెషిన్ కోసమే పుట్టిన ఆట అంటే నేను దాన్నే చూపిస్తాను.

డ్రాగన్ క్వెస్ట్ స్వోర్డ్స్ చిన్న ఆట, దారి కూడా అదే నడిపిస్తుంది, మీరు కొట్టడం కాచుకోవడమే. టీవీలో ఆలస్యం ఉంటే బాగా తెలిసేది ఇక్కడే, డాలు సమయానికి పడదు. గేమ్ మోడ్ తప్పనిసరి. జెనోబ్లేడ్‌లో మామూలు దెబ్బలు వాటంతటవే పడతాయి కాబట్టి కొంచెం ఆలస్యమైనా ఇబ్బంది లేదు.

మాన్‌స్టర్ హంటర్ ట్రై చవగ్గా దొరుకుతుంది, కానీ దాని సర్వర్లు 2013 ఏప్రిల్ 30న మూసేశారు. ఒంటరిగా ఆడే భాగం కోసమైతేనే.

ఇంకో మాట, కోపగించుకోకండి. మీకు కావాల్సింది జెనోబ్లేడ్ ఒక్కటే అయితే లెన్స్ విప్పే కష్టం ఎందుకు? 2020లో నింటెండో స్విచ్‌కి డెఫినిటివ్ ఎడిషన్ వచ్చింది, స్కైవార్డ్ స్వోర్డ్ కూడా 2021లో బటన్లతో ఆడేలా వచ్చింది. పండోరాస్ టవర్, లాస్ట్ స్టోరీ, క్రిస్టల్ బేరర్స్ మాత్రం వీ తరం మెషిన్ల మీదే మిగిలాయి. వాటి కోసమైతే వీ ఉంచుకోవాలి.


తాంబరం_తేమగాలి:

చెన్నై నుంచి. బెంగళూరులో దుమ్ము, మా దగ్గర ఉప్పు గాలి. రిమోట్లు ఎక్కువగా చచ్చేది బ్యాటరీ గదిలోనే. సెకండ్ హ్యాండ్ రిమోట్ కదా, మూత తీసి స్ప్రింగులు చూడండి. తెల్లగానో పచ్చగానో పొడి ఉంటే అది ఆల్కలైన్ సెల్ కారిన క్షారం. కాటన్ బడ్‌తో ఒక్క చుక్క వెనిగర్ రాస్తే విరిగిపోతుంది, ఆ తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. ఈ మురికితోనే రిమోట్ ఆటమధ్యలో కనెక్షన్ పోగొట్టుకుంటుంది, అందరూ బ్లూటూత్ పోయిందనుకుంటారు.

సెల్స్ డబుల్ ఏ, రెండు. ఛార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం ఆర్పీజీలకి లాభం. అవి 1.2 వోల్టులే కాబట్టి రిమోట్ మీటరు నిండుగా చూపించదు, కంగారు పడక్కర్లేదు. పాయింటర్ వాడే ఆటల్లో కెమెరా పనిచేస్తూ ఉంటుంది కనుక సెల్స్ త్వరగా అయిపోతాయి. క్లాసిక్ కంట్రోలర్‌కి విడిగా సెల్స్ ఉండవు, అది రిమోట్‌కి తగిలించి దాని కరెంటే తాగుతుంది.

అడాప్టర్ చూశారా? మెషిన్ ఈయూఆర్ అయినంత మాత్రాన అడాప్టర్ కూడా అదే అనుకోకూడదు, సెకండ్ హ్యాండ్‌లో కలిసిపోతుంటాయి. దాని మీద ఇన్‌పుట్ 230 వోల్టులు అని ఉండాలి. అమెరికాది 120, జపాన్‌ది 100, మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. బయటికి ఇచ్చేది అన్నింట్లో ఒకటే, 12 వోల్టులు, 3.7 ఆంపియర్లు. కరెంటు పోయి వచ్చాక మెషిన్ అసలు వెలగకపోతే అడాప్టర్‌ని గోడ దగ్గరా మెషిన్ దగ్గరా రెండు వైపులా తీసి, రెండు నిమిషాలు పైగా ఆగి పెట్టండి. లోపలి రక్షణ సర్క్యూట్ పడిపోతే అలాగే లేస్తుంది. రౌటర్‌కి పెట్టే చిన్న 12 వోల్టుల యూపీఎస్ దీనికి పనికిరాదు, పిన్ను వేరు, వాటిలో చాలావరకు అంత ఆంపియర్లు ఇవ్వవు. కంప్యూటర్ యూపీఎస్ పెట్టుకోండి. ఈ మెషిన్ తాగేది తక్కువే కనుక 600 వీఏది టీవీతో కలిపినా సేవ్ చేసుకునేంత సమయం ఇస్తుంది.

సేవ్ గురించి. జెనోబ్లేడ్‌లో పోరాటం లేనప్పుడు దాదాపు ఎక్కడైనా సేవ్ చేయొచ్చు, మూడు స్లాట్లు ఉన్నాయి. మూడింటినీ మార్చి మార్చి వాడండి. రాస్తుండగా కరెంటు పోతే ఆ ఒక్కటే పోతుంది. వారానికోసారి ఎస్‌డీ కార్డులోకి కాపీ చేయండి: వీ బటన్, డేటా మేనేజ్‌మెంట్, సేవ్ డేటా, వీ, ఆట బొమ్మ, కాపీ. కార్డు 32 జీబీ దాటకూడదు, 64 జీబీ కార్డుని ఈ మెషిన్ గుర్తించదు. సిస్టమ్ మెనూ 4.0 కన్నా పాతదైతే 2 జీబీ కార్డే. కొన్ని ఆన్‌లైన్ ఆటల సేవ్‌లు కాపీ కానివ్వదు, మీరు చెప్పిన కథల ఆటలకి ఆ బాధ తక్కువ.

ప్లగ్గు తీసిన ప్రతిసారీ తారీఖు మొదటికి వెళ్తుంటే లోపల సీఆర్2032 బిళ్ల అయిపోయింది. ఒక చిన్న స్టార్ స్క్రూ వెనక ఉంటుంది, మెషిన్ విప్పక్కర్లేదు. ఆపేశాక ముందు లైటు నారింజ రంగులో ఉంటే సెట్టింగ్స్ రెండో పేజీలో వీకనెక్ట్24 ఆపేయండి, లైటు ఎరుపుకి మారుతుంది. మెషిన్ ఆపి ఉన్నా నెట్‌కి కలిపి ఉంచే ఆ సేవ 2013లోనే ఆగిపోయింది, ఊరికే మెషిన్ వేడెక్కడం తప్ప దాంతో ఉపయోగం లేదు.


టిన్‌ఫ్యాక్టరీ_సిగ్నల్:

అందరికీ థాంక్స్. చుక్కలు చూశాం. బారు వెనక్కి ఉన్నప్పుడు నాలుగు, అంచుకి లాగాక రెండు. సాయంత్రం దీపం పెట్టాక ఎడమ మూల చిన్న మూడో చుక్క వస్తోంది. డాంగిల్ పెట్టాం, అక్షరాలు బాగా తేలాయి, కానీ మనుషులందరూ సన్నగా పొడుగ్గా ఉన్నారు, పక్కల నల్ల పట్టీలు. నన్‌చక్ స్టిక్ వదిలేసినా హీరో మెల్లగా ఎడమకి నడుస్తున్నాడు. క్లాసిక్ కంట్రోలర్‌లో రెండు రకాలు కనిపిస్తున్నాయి, ఏది?


ఎస్పీరోడ్_స్క్రూడ్రైవర్:

సన్నగా పొడుగ్గా అంటే వీ 16:9 పంపుతోంది, టీవీ దాన్ని 4:3గా చూపిస్తోంది. 480పీలో 16:9 బొమ్మని వీ నొక్కి పంపుతుంది, సాగదీయాల్సింది టీవీ. టీవీ రిమోట్‌లో పిక్చర్ సైజ్ ఫుల్ లేదా 16:9 పెట్టండి. జూమ్ పెడితే పైనా కిందా అక్షరాలు తెగుతాయి. కొన్ని టీవీల్లో ఈ సెట్టింగ్ ఒక్కో హెచ్‌డీఎంఐ రంధ్రానికి విడిగా ఉంటుంది, వీ పెట్టిన దానికే మార్చారా చూసుకోండి.

నన్‌చక్ పీకి, స్టిక్ ముట్టుకోకుండా మళ్లీ తగిలించండి. తగిలించిన క్షణాన స్టిక్ ఎక్కడుంటే దాన్నే మధ్య అనుకుంటుంది. చాలామంది స్టిక్ మీద బొటనవేలు పెట్టి గుచ్చుతారు. అలా చేశాకా నడుస్తుంటే స్టిక్ లోపలి భాగం అరిగింది, మార్చాలి. నన్‌చక్‌కీ ట్రై-వింగే కావాలి.


చివరి_బాస్:

క్లాసిక్ కంట్రోలర్ ప్రో తీసుకోండి. పట్టుకోవడానికి పిడులు ఉన్నాయి, జెడ్ఎల్, జెడ్ఆర్ బటన్లు ఎల్, ఆర్ కిందే వస్తాయి. పాత రకంలో అవి మధ్యకి ఉంటాయి, వేలు చాచాలి, పైగా వైరు కింది వైపు నుంచి వచ్చి ఒళ్లో మెలిపడుతుంది. కొనే ముందు రెండు స్టిక్కులనీ చివరిదాకా గుండ్రంగా తిప్పి, వదిలేస్తే మధ్యకి వస్తున్నాయో లేదో ఆటలోనే చూడండి. నకిలీల్లో స్టిక్ కొంచెం కదిపితే ఏమీ జరగదు, ఆ తర్వాత ఒక్కసారిగా పరుగే. సూపర్ నింటెండో క్లాసిక్ మినీ కంట్రోలర్ పిన్ను దీనికి పడుతుంది, మెషిన్ కూడా దాన్ని క్లాసిక్‌గానే గుర్తిస్తుంది. కానీ దానికి స్టిక్కులు లేవు, జెనోబ్లేడ్‌కి పనికిరాదు.


పరారుణం:

మూడో చుక్కకి దీపం ఆర్పనక్కర్లేదు. గూటికి దివాన్ వైపు చెక్క తలుపో మందపాటి అట్టో అడ్డం పెట్టండి, మంట నేరుగా దివాన్‌కి కనబడకపోతే చాలు. సెన్సిటివిటీ తెరలో చుక్క పోయిందో లేదో చూసి, అప్పుడు 4కి పెంచండి. పెంచాక చుక్క తిరిగొస్తే అట్ట ఇంకో జానెడు వెడల్పు కావాలి.